వీల్‌చైర్‌తో వనభోజనాలకు: పార్కుకు వెళ్లేముందు, వెళ్లాక ఏం చేయాలి

పోయిన కార్తీకంలో మా అన్నను వనభోజనాలకు తీసుకెళ్లిన ఫొటోలు చూసినప్పటి నుంచి చుట్టాలూ తెలిసినవాళ్లూ ఒకటే అడుగుతున్నారు: "మా నాన్నను కూడా తీసుకుపోవాలె, ఏ పార్కు బాగుంటది?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

మా అన్న గీత పని చేసేవాడు. తాటిచెట్టు మీంచి పడి వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. నాలుగు గంటలకోసారి గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవాలి. మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు మేం చూసుకున్నదల్లా పార్కు అందంగా ఉందా లేదా అనే. ఆయన పొద్దున్నుంచి ఒక్క గుక్క నీళ్లు తాగలేదన్న సంగతి మధ్యాహ్నం భోజనాల దాకా ఎవరికీ తట్టలేదు. అడిగితే, "తాగితే మళ్ల యాడికి పోవాలె తమ్మీ?" అన్నాడు. అక్కడి బాత్రూంకు నాలుగు మెట్లు, పైగా తాళం. మూడో రోజుకు ఇన్ఫెక్షన్, చలిజ్వరం.

అప్పటి నుంచి నా లెక్క ఒక్కటే. వచ్చిన మనిషి భయం లేకుండా కడుపునిండా నీళ్లు తాగగలిగితే ఆ పార్కు మంచిది. కింద రాసినవన్నీ దాని కోసమే.

## 1. పార్కు కన్నా ముందు మనిషిని అడగండి

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. అందరూ కూర్చుని చోటు, తేదీ, వంటకాలు ఖాయం చేస్తారు. ఆ తర్వాత "నిన్ను కూడా తీసుకుపోతాం" అంటారు. పాపం ఆ మనిషి కాదనలేక ఊ అంటాడు.

ముందు విడిగా కూర్చుని ఇవి అడగండి:

- ఎంతసేపు కూర్చోగలరు? మధ్యలో పడుకోవాలా?
- బాత్రూంకు ఎన్ని గంటలకోసారి వెళ్లాలి? ఎవరి సాయం కావాలి? ఆ సాయం ఎవరు చేస్తే ఇబ్బంది ఉండదు?
- ఎత్తాల్సి వస్తే పర్వాలేదా? ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకోకూడదు?
- ఏం చూడాలని ఉంది? నీళ్లా, చెట్లా, లేక నలుగురితో కూర్చుంటే చాలా?

ఎత్తడం గురించి తప్పకుండా అడగండి. నలుగురి ముందు ఎవరో ఒకరు ఎత్తుకుంటే చిన్నతనంగా భావించేవాళ్లు చాలామంది. వాళ్లు ఎత్తొద్దంటే మెట్లున్న చోటును అక్కడే వదిలేయండి.

వికలాంగులంటే అందరికీ వీల్‌చైరే గుర్తొస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. మన వైపే చూడండి. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ ఉన్న పెద్దవాళ్లు కర్రతో నడుస్తారు, కానీ నడుము వంగదు, మెడ తిరగదు, కింద కూర్చోలేరు. వాళ్లకు ర్యాంపు కన్నా ఎత్తు కుర్చీ, వెస్ట్రన్ కమోడ్ ముఖ్యం. చేయి పట్టి గుంజి లేపకూడదు, బిగుసుకుపోయిన కీళ్లు ఓర్చుకోలేవు. చిన్నప్పుడు పోలియో వచ్చి చంకకర్రలతో నడిచేవాళ్లకు మెట్ల కన్నా నున్నటి తడి టైల్సే పెద్ద గండం.

## 2. చోటు ఎంచుకోవడం

అందం తర్వాత చూద్దాం. ముందు నేల ఎలా ఉందో, నీడ ఉందో లేదో, బండి ఎంత దగ్గరికి వస్తుందో చూడాలి.

పిల్లలమర్రి మహబూబ్‌నగర్ టౌన్‌కు దగ్గర, నేల దాదాపు చదును. మర్రిచెట్టు ఊడల కిందికి ఎవరినీ వెళ్లనివ్వరు, కంచె బయటి నుంచే చూడాలి. నడిచేవాళ్లూ, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లూ ఒకేచోట నిలబడి ఒకే చెట్టును చూస్తారు. "మీరు పోయి చూసి రండి, నేనిక్కడే ఉంటా" అనే మాట రాదు. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను దీన్నే చెబుతాను.

మహబూబ్‌నగర్ పక్కనే అప్పన్నపల్లి దగ్గరి ఎకో పార్కు రెండు వేల ఎకరాలకు పైగా ఉంటుంది. అంతా తిరగాలన్న ఆశ పెట్టుకోవద్దు. గేటుకు దగ్గరలో ఒక మూల ఎంచుకుని అక్కడే పూటంతా గడపండి.

నాగార్జునసాగర్‌ను ఒక చోటుగా లెక్కేయకండి. డ్యాం చూడటం వేరు, బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు వేరు, లాంచీలో నాగార్జునకొండ దీవి మీది మ్యూజియంకు పోవడం వేరు. బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది, దూరాలు ఎక్కువ, నీడ తక్కువ. పొద్దున్నే వెళ్లి పది, పదిన్నరకల్లా బయటపడాలి. లాంచీ సంగతి వేరే చెబుతాను. ఒక రోజులో ఈ మూడూ పెట్టుకుంటే నడిచేవాళ్లే అలిసిపోతారు.

జూరాల డ్యాం మీది రోడ్డులో వెళ్తూ కారు కిటికీలోంచే నీళ్లు చూడొచ్చు. దిగడం, ఎక్కడం కష్టమైన మనిషికి అంతకన్నా సుఖమైన విహారం లేదు. గేట్లు ఎత్తిన వార్త రాగానే మాత్రం వెళ్లకండి, జనం, బండ్లు కిక్కిరిసి ఉంటాయి.

నల్లమలలోని మల్లెలతీర్థం చాలా బాగుంటుంది. కానీ జలపాతం దగ్గరికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. "మేమున్నాం కదా, మోసుకుపోతాం" అనే కుర్రాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. దిగేటప్పుడు ఉన్న హుషారు ఎక్కేటప్పుడు ఉండదు. అక్కడికి తీసుకెళ్లొద్దు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఆదివారం వద్దు. వారం మధ్యలో వెళ్తే పార్కు సిబ్బందికి కూడా మన మాట వినే తీరిక ఉంటుంది.

## 3. ముందొకసారి వెళ్లి చూసి రండి

వీలైతే వారం ముందు ఒకరు బైక్ మీద వెళ్లి రావాలి. ఫోన్‌లో అడిగితే తెలియదా అంటారు. తెలియదు. "ర్యాంపు ఉందా?" అంటే "ఉంది సార్" అంటారు. వెళ్లి చూస్తే అది సామాన్లు దింపుకునే సిమెంటు జారుడుబండ. వాళ్లు అబద్ధం చెప్పలేదు, మన ప్రశ్నే సరిగా లేదు.

వెళ్లేటప్పుడు టేపు ఒకటి జేబులో వేసుకోండి. ఇంట్లో వీల్‌చైర్ వెడల్పు ముందే కొలుచుకోండి. చక్రం తిప్పే చేతుల చోటు కూడా కలిపి కొలవాలి.

గేటు: బండ్లు రాకుండా ఇనుప కడ్డీలు పాతి ఉంటాయి, లేదా తిరిగే గేటు ఉంటుంది. వీల్‌చైర్, మూడు చక్రాల బండి రెండూ అందులో పట్టవు. పక్కన పెద్ద గేటు ఉంటే అది ఎవరు తీస్తారు, ఏ టైంకు ఉంటారు అని అడగండి. దారి కనీసం 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగులు ఉంటే ఇబ్బంది ఉండదు.

ర్యాంపు: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. ఆరంగుళాల మెట్టు ఒక్కటి ఎక్కడానికే ఆరడుగుల ర్యాంపు కావాలి. ఆ లెక్కన అక్కడున్న ర్యాంపును కొలిచి చూడండి. మూడు మెట్ల పక్కన నాలుగడుగుల ర్యాంపు కనబడితే అది లేనట్టే.

తిరిగే చోటు: వీల్‌చైర్ గుండ్రంగా తిరగాలంటే అయిదడుగుల చోటు కావాలి. ర్యాంపు చివర, బాత్రూం ముందు ఇది చూడండి. ఎక్కాక తిరగలేక మళ్లీ వెనక్కి దిగిన రోజులు మాకున్నాయి.

నేల: కంకర, ఇసుక, వదులు మట్టిలో ముందున్న చిన్న చక్రాలు దిగిపోతాయి. పేవర్ బ్లాకుల మధ్య సందులు, కాలువ మీది ఇనుప జాలీ కూడా అంతే. జాలీ కడ్డీలు మన దారి పొడవునే ఉంటే చక్రం అందులో ఇరుక్కుంటుంది.

నీడ: మనం వెళ్లబోయే టైంకే నీడ ఎటు పడుతుందో చూడండి. పొద్దున పదింటి నీడ మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ ఉండదు.

చివరగా బండి ఆగే చోటు నుంచి కూర్చునే చోటు దాకా మొత్తం దారిని ఆపకుండా వీడియో తీయండి. ఇంటికొచ్చాక ఆ మనిషికి చూపించండి. మన కంటికి ఆనని గుంతలు వాళ్లకు వెంటనే కనబడతాయి. మా అన్న నా వీడియో చూసి రెండు చోట్ల ఆపమన్నాడు. రెండూ నేను గమనించకుండా దాటేసినవే.

## 4. బాత్రూం: ఎక్కువ సేపు చూడాల్సింది ఇదే

పార్కులో బాత్రూం ఉందా అన్నది సగం ప్రశ్నే. ఇవన్నీ చూడాలి:

- తలుపు వెడల్పు ఎంత? లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? లోపలికి తెరిస్తే వీల్‌చైర్ లోపలికి వెళ్లాక తలుపు వేయలేం.
- గడప ఎత్తు ఎంత?
- వెస్ట్రన్ కమోడ్ ఉందా? పక్కన పట్టుకునే కడ్డీ ఉందా? ఉంటే పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. ఊడిపోయే కడ్డీ లేనిదానికన్నా ప్రమాదం.
- కుళాయిలో నీళ్లు వస్తున్నాయా? చెంబు, బకెట్ ఉన్నాయా?
- తాళం ఎవరి దగ్గరుంది?

ఆఖరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. వీల్‌చైర్ బొమ్మ వేసిన గది ఉంటుంది, శుభ్రంగానే ఉంటుంది, కానీ తాళం వేసి ఉంటుంది. లోపల చీపుళ్లు, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు. తాళం చెవి ఉన్న మనిషి అన్నానికి పోయి ఉంటాడు. ముందు రోజే మాట్లాడి, మనం వచ్చే టైం చెప్పి, ఆయన ఫోన్ నంబర్ తీసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

గది పనికిరాదని తేలితే మూడు దారులున్నాయి.

ఒకటి, దగ్గరలో పనికొచ్చే బాత్రూం వెతకడం. పెట్రోల్ బంకు, హోటల్, హరిత హోటల్, తెలిసినవాళ్ల ఇల్లు, ఏదైనా సరే. బండిలో పది నిమిషాల్లో చేరేలా ఉండాలి. అదీ వెళ్లి కళ్లతో చూడాల్సిందే.

రెండు, మడత కమోడ్ కుర్చీ, ఒక చిన్న గుడారం లేదా నాలుగు కర్రలు, రెండు ముదురు రంగు దుప్పట్లు. మనవాళ్లు కూర్చునే చోటికి కాస్త దూరంగా, గాలికి ఎగరకుండా కట్టాలి. కుర్చీ కింద బకెట్‌లో మందపాటి కవర్ వేసుకుంటే శుభ్రం చేయడం తేలిక. ఆ కవర్ మూట కట్టి వెనక్కి తెచ్చుకోవాలి, పార్కులో వదలొద్దు.

మూడు, మగవాళ్లకు యూరిన్ పాట్, గొట్టం వాడేవాళ్లకు శుభ్రమైన చాటు. కారు వెనక సీటు, అద్దాలకు చీర కడితే చాలు. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు దగ్గరుండాలి. యూరిన్ బ్యాగ్ ఉన్నవాళ్లకు అది ఎప్పుడూ నడుము కన్నా కిందనే వేలాడాలి. ఎత్తేటప్పుడు ఒళ్లో పెట్టి మర్చిపోతారు, అప్పుడు మూత్రం వెనక్కి పోతుంది.

ఆడవాళ్ల విషయంలో ఇదంతా రెండింతలు కష్టం. సాయానికి ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరిగా ఉండేలా చూడండి. ఎవరో ఒకరు ఉంటారులే అనుకుంటే ఆ టైంకు అందరూ పిల్లల వెంటో వంట దగ్గరో ఉంటారు.

ఇది ఖాయమయ్యాక ఏర్పాటు ఏంటో ఆ మనిషికి ముందే చెప్పండి. అప్పుడే వాళ్లు ఇంటి దగ్గర నీళ్లు తాగి బయల్దేరతారు.

## 5. బండి

సీటు ఎత్తు వీల్‌చైర్ సీటు ఎత్తుకు దగ్గరగా ఉన్న కారు మంచిది. తుఫాన్, బొలెరో లాంటివి ఎత్తు ఎక్కువ, చిన్న కార్లు మరీ కిందికి ఉంటాయి.

కిరాయికి మాట్లాడేటప్పుడు సీఎన్‌జీ బండా అని అడగండి. డిక్కీలో సిలిండర్ ఉంటే మడత వీల్‌చైర్ పట్టదు. ఈ ఒక్క ప్రశ్న మర్చిపోయి మేం వీల్‌చైర్‌ను కారు పైన తాడుతో కట్టుకుని వెళ్లాం.

కారులోకి మార్చేటప్పుడు వీల్‌చైర్‌ను తలుపుకు ఏటవాలుగా ఆనించి, రెండు బ్రేకులూ వేసి, కాళ్లు పెట్టే పలకలు పక్కకు తీయాలి. నున్నటి గట్టి చెక్కపలక ఒకటి రెండు సీట్ల మీద వంతెనలా వేస్తే దాని మీద జరగొచ్చు. తల కారు పైకప్పుకు తగలకుండా ఒకరు చేయి అడ్డం పెట్టాలి.

బస్సులో వెళ్లేవాళ్లు ఆర్టీసీ రాయితీ పాస్ మర్చిపోవద్దు. మెట్ల ఎత్తు మాత్రం ఆ పాస్‌తో తగ్గదు.

## 6. సంచిలో ఏం పెట్టాలి

- సైకిల్ పంపు, పంక్చర్ సామాను. మన వైపు సర్కారు తుమ్మ ముళ్లు లేని చెట్టునీడ దొరకదు. గాలి టైర్ల వీల్‌చైర్‌కు ఇది తప్పనిసరి.
- చిన్న పానా, స్క్రూడ్రైవర్, గట్టి తాడు, రెండు బెల్టులు.
- మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న మందపాటి ప్లైవుడ్ ముక్క. మూడు, నాలుగంగుళాల గడపకు ర్యాంపుగా పనికొస్తుంది. కింద పాత టైర్ ట్యూబ్ ముక్కలు అంటిస్తే జారదు. మూడు మెట్ల మీద మాత్రం వేయకండి, అది ర్యాంపు కాదు, గోడ.
- వీల్‌చైర్ మెత్త. కారులో మర్చిపోయే వస్తువుల్లో ఇదే మొదటిది.
- రోజువారీ మందులు, రెండు పూటలవి ఎక్కువగా.
- మార్చుకునే బట్టలు, తువ్వాళ్లు, చేతి తొడుగులు, చెత్త కవర్లు.
- తడి గుడ్డలు, నీళ్లు చల్లుకునే సీసా, గొడుగు.
- యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేదా సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఫొటో, డాక్టర్ చీటీ ఫొటో ఫోన్‌లో.

## 7. గేటు నుంచి చెట్టు దాకా

వీల్‌చైర్ తోసేవాళ్లు ఇద్దరే ఉండాలి, మిగతావాళ్లు దారి చూడాలి. పదిమంది తలో చేయి వేస్తే ఎవరి చేతిలోనూ అదుపు ఉండదు. తోసేముందు "పోదామా?" అని అడగండి. చెప్పకుండా తోస్తే, నిలబడి ఉన్న మనిషిని వెనక నుంచి నెట్టినట్టే.

ఎక్కుడు: ముఖం ముందుకు, తోసేవాళ్లు కాస్త వంగి, ఆగకుండా.

దిగుడు: వాలు ఎక్కువగా ఉంటే వీల్‌చైర్‌ను వెనక్కి తిప్పి, మనం కింద ఉండి, మెల్లగా దించాలి. ముందుకు దించితే మనిషి జారి పడిపోతాడు.

ఒకటి రెండు మెట్లు: వెనక చక్రాల మీదికి వంచి, వెనక్కి లాగుతూ ఎక్కించాలి. కింద ఒకరు ముందు ఫ్రేమ్ పట్టుకోవాలి. చేతుల కమ్ములు, కాళ్ల పలకలు పట్టుకుని ఎత్తొద్దు, అవి ఊడి చేతికొస్తాయి.

ఇసుక, గడ్డి, కంకర: ముందుకు తోస్తే చిన్న చక్రాలు నేలలోకి దిగుతాయి. వెనక్కి తిప్పి లాగండి, పెద్ద చక్రాలు ముందు దారి చేసుకుంటాయి. ఈ ఒక్క కిటుకు తెలియక ఎంతమంది చెమటలు కక్కుతారో!

ఆగిన ప్రతిసారీ రెండు బ్రేకులూ వేయాలి. చెరువు కట్ట మీద, ఘాట్ దగ్గర బ్రేకుతో పాటు చక్రం కింద రాయి కూడా పెట్టండి.

## 8. కూర్చోవడం, తినడం

అందరూ కింద చాపల మీద, ఒక్కరే పైన కుర్చీలో. మన వనభోజనాల ఫొటోల్లో ఇదే కనబడుతుంది. మాటలన్నీ కిందే తిరుగుతాయి, పైనున్న మనిషికి చేరవు. నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీలు తీసుకెళ్లి ఇంకొందరు కూడా పైన కూర్చోండి. మా ఇంట్లో ఇప్పుడు పెద్దమ్మకు, చిన్నాన్నకు కూడా కుర్చీలే ఇష్టం, మోకాళ్లు వాళ్లవీ అంతంతే.

మడత బల్ల కింద మోకాళ్లు పట్టాలి, అంటే నేల నుంచి బల్ల అడుగు దాకా 27, 28 అంగుళాలు ఖాళీ ఉండాలి. బల్లకు మధ్యలో అడ్డకర్ర ఉంటే పనికిరాదు.

ఉసిరిచెట్టు గుట్ట పక్కనో రాళ్ల మధ్యనో ఉంటే మనిషిని అక్కడికి మోయొద్దు. కుండీలో ఉసిరి మొక్క తెచ్చి చదును నేల మీద పెట్టి దీపం వెలిగించండి. మా అమ్మ మొదట ఒప్పుకోలేదు, ఇప్పుడు ఆమే కుండీకి నీళ్లు పోస్తుంది.

విస్తరాకు జారుతుంది. ఒంటి చేత్తో తినేవాళ్లకు అంచున్న స్టీలు పళ్లెం పెట్టి, కింద తడి గుడ్డ వేయండి. చేతులు వణికేవాళ్లకు మూత, స్ట్రా ఉన్న గ్లాసు.

కోతుల సంగతి మర్చిపోకండి. వాటికి ఎవరు లేచి తరమలేరో వెంటనే తెలిసిపోతుంది. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి ఒళ్లో సంచి, అరటిపండ్లు పెట్టి ఫొటోలకు పోకూడదు. తిండి మూతల డబ్బాల్లో, బండిలో ఉండాలి.

## 9. ఎండ, చర్మం

వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. మనకు ఉక్కగా అనిపించే ఎండ వాళ్లకు ప్రమాదం. మెడకు, చేతులకు తడి గుడ్డ వేస్తూ, గుక్క గుక్కగా నీళ్లు ఇస్తూ ఉండాలి.

పార్కుల్లోని గ్రానైట్ బెంచీలు, ఇనుప బెంచీలు ఎండకు పెనంలా కాలతాయి. స్పర్శ లేని కాళ్లకు కాలినట్టు తెలియదు, బొబ్బ రాత్రికి కనబడుతుంది. కూర్చోబెట్టేముందు మీ అరచేయి పెట్టి చూడండి. వేడి టీ గ్లాసు, అన్నం గిన్నె ఒళ్లో పెట్టొద్దు.

పదిహేను, ఇరవై నిమిషాలకోసారి చేతుల మీద లేచి గానీ, పక్కకు వంగి గానీ ఒత్తిడి తగ్గించుకోవాలి. కబుర్లలో పడితే మర్చిపోతారు, ఫోన్‌లో అలారం పెట్టండి.

మెడ దగ్గర, వీపు పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకు ఉన్నట్టుండి తల పగిలిపోయేలా నొప్పి, ముఖం ఎర్రబడటం, పైభాగమంతా చెమటలు వస్తే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, వెంటనే మూత్రం గొట్టం మెలిపడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్.

## 10. చూపు, వినికిడి, చిన్నపిల్లలు

చూపు లేనివారి చేయి పట్టి లాగొద్దు. మీ మోచేయి వాళ్లకివ్వండి, అరడుగు ముందు నడవండి. "మెట్టు" అంటే సరిపోదు, "ఎక్కే మెట్టు", "దిగే మెట్టు" అనాలి. ఫొటో కోసం పోతూ మధ్యలో వదిలేయొద్దు, చెట్టుకో కుర్చీకో చేయి ఆనించి చెప్పి వెళ్లాలి. పళ్లెం గడియారమనుకుని చెప్పండి: పన్నెండు దగ్గర పులిహోర, మూడు దగ్గర పెరుగన్నం. పిల్లలమర్రి లాంటి చోట కంటికి కనబడేదాన్ని మాటల్లో చెప్పే మనిషి ఒకరు పక్కనుండాలి. మా ఇంట్లో ఆ పని పదేళ్ల పాప బాగా చేస్తుంది. పెద్దవాళ్లు "బాగుంది" అని ఊరుకుంటారు.

వినపడనివారితో వెళ్తే, తప్పిపోతే కలుసుకునే చోటు, టైం వాట్సాప్‌లో ముందే రాసి పంపండి. మైకులో చెప్పేది వాళ్లకు చేర్చే బాధ్యత ఒకరిది.

ఆటిజం ఉన్న పిల్లలకు పార్కు ఫొటోలు రెండు రోజుల ముందు నుంచే చూపించండి. పక్క గుంపు డీజే పెడితే చెవులు మూసే హెడ్‌ఫోన్లు ఉండాలి. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఇష్టం, భయం తెలియదు. గంటకొకరు చొప్పున కాపలా వంతులు వేసుకుని పేరుపేరునా చెప్పండి. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడటం లేదనే.

మూర్ఛ వచ్చేవాళ్లను నీటి అంచున ఒంటరిగా ఉంచకూడదు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, టైం చూడాలి. చేతిలో తాళాలు, ఇనుము పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం వద్దు. అయిదు నిమిషాలు దాటితే 108.

## 11. లాంచీ ఎక్కాలంటే

నాగార్జునకొండ ప్రయాణం నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. నీళ్లు దిగేకొద్దీ ఒడ్డు నుంచి లాంచీకి దిగుడు పెరుగుతుంది. వరదప్పుడు, గాలి ఎక్కువున్నప్పుడు లాంచీలే తిరగవు. శుక్రవారం మ్యూజియంకు సెలవు.

ఒడ్డుకూ లాంచీకీ మధ్య సందు కదులుతూ ఉంటుంది. వీల్‌చైర్‌తో సహా ఎత్తాలంటే లాంచీ సిబ్బంది ఒప్పుకోవాలి, ముందే మాట్లాడాలి. లైఫ్ జాకెట్ అందరికన్నా ముందు ఈ మనిషికి వేయాలి. లాంచీలో వీల్‌చైర్ బెల్టు మాత్రం కట్టొద్దు, మనిషిని కుర్చీకి కట్టేసినట్టవుతుంది. నన్నడిగితే, ఎత్తడానికి అలవాటైన నలుగురు లేకపోతే ఒడ్డునుంచే సాగర్‌ను చూడటం మంచిది.

## 12. సౌకర్యం లేకపోతే

కోపంతో గేటు దగ్గర సిబ్బంది మీద అరిస్తే లాభం లేదు, ర్యాంపు కట్టేది వాళ్లు కాదు.

1. టేపు కనబడేలా ఫొటోలు తీయండి: మెట్టు ఎత్తు, తలుపు వెడల్పు, తాళం వేసిన గది.
2. తేదీ, టైం, ఏం చేయలేకపోయామో నాలుగు వాక్యాల్లో రాయండి.
3. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఇచ్చి రసీదు తీసుకోండి.
4. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద ఆ దరఖాస్తు ఏమైందని అడగండి. 30 రోజుల్లో చెప్పాలి.
5. తర్వాత రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు.

దరఖాస్తులో 2016 చట్టం పేరు రాయండి. ప్రజలు వచ్చే ప్రభుత్వ భవనాలను అయిదేళ్లలో అందరికీ అందుబాటులోకి తేవాలని అందులో ఉంది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు తయారు చేయాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది కూడా. ఒకేసారి పది కోరికలు రాయకండి. "ఆ గది తాళం తీసి ఉంచండి, చీపుళ్లు వేరేచోట పెట్టండి" అంటే పైసా ఖర్చులేని పని, వెంటనే అయ్యే అవకాశం ఎక్కువ.

## 13. ఇంటికొచ్చాక

ఆ రాత్రే పిరుదులు, మడమలు, తొడలు చూడండి. ఎర్ర మచ్చ అరగంటలో పోకపోతే దాని మీద ఒత్తిడి పడకుండా పడుకోబెట్టాలి, మర్నాటికీ ఉంటే డాక్టర్‌కు చూపించాలి.

వీల్‌చైర్ చిన్న చక్రాల్లో చుట్టుకున్న గడ్డి, దారాలు తీసేసి, ముళ్లేమైనా దిగాయేమో చూసి తుడవండి. బ్యాటరీ బండి అయితే చార్జింగ్.

చివరగా, ఆ పార్కు గురించి ఒక పేజీ రాసిపెట్టండి. మా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది: "పెద్ద గేటు ఎడమవైపు. రెండో చెట్టు కింద ఒంటిగంట దాకా నీడ. బాత్రూం తలుపు 31 అంగుళాలు, మన కుర్చీ పడుతుంది. తాళం టికెట్ కౌంటర్ దగ్గర, ఆయన ఒంటిగంటకు తినడానికి పోతాడు, ముందే తీసుకోవాలి. అన్న రెండు లీటర్ల నీళ్లు తాగిండు."